ఊపిరిని చూశాడు... గుండెను మరిచాడు!

మత్తుమందు వికటిస్తే ముందు ఆగేది ఊపిరా, గుండెనా? ఈ ఒక్క ప్రశ్న కోసం 19వ శతాబ్దం చివర్లో హైదరాబాద్‌లో ఓ మహా పరిశోధన జరిగింది. ప్రపంచమంతా దాని గురించి మాట్లాడుకుంది. దాన్ని నడిపించిన సర్జన్ ఎడ్వర్డ్ లారీ సగం నిజం కనుక్కున్నాడు. మిగతా సగం ఆయన కళ్ల ముందే ఉన్నా చూడలేదు. ఆ జీవితంలో ఆపరేషన్‌కు వెళ్లే ప్రతి ఒక్కరికీ పనికొచ్చే పాఠం ఉంది.

నందికొట్కూరులో మత్తు అంటే ఏంటని నలుగురిని అడిగి చూడండి. నాలుగు జవాబులు వస్తాయి. సాయంత్రం కల్లు తాగిన పెద్దాయనకు ఎక్కేది మత్తు. కేసీ కాలువ కింద రాత్రంతా నీళ్లు కట్టి వచ్చిన రైతు కళ్ల మీద వాలేదీ మత్తే. పన్ను పీకే ముందు చిగురుకు వేసేది మత్తు సూది. కాన్పు కష్టమై కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లిన కోడలికి వెన్నులో ఇచ్చేదీ మత్తే. నిద్ర మాత్రను, నరాల మాత్రను కూడా మత్తు బిళ్ల అనేవాళ్లున్నారు.

ఇంట్లో, వీధిలో ఈ ఒక్క మాటతో పని జరిగిపోతుంది. ఆపరేషన్ గది దగ్గరికి వచ్చేసరికే చిక్కు. మత్తు అలవాటు ఏమైనా ఉందా అని డాక్టరు అడుగుతాడు. లేదంటాడు పెద్దాయన. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన లెక్కలో రోజూ తాగే కల్లు కల్లే, మత్తు కాదు. మోకాళ్ల నొప్పికి ఏడాదిగా మింగుతున్న మాత్ర నొప్పి బిళ్లే, మందు కాదు. డాక్టరు ఆ జవాబునే కాగితం మీద రాసుకుంటాడు. రాయకుండా మిగిలిపోయిందే తర్వాత ఆపరేషన్ బల్ల మీద బయటపడుతుంది.

నొప్పి తెలియకుండా చేసే మందులో ప్రమాదం ఎక్కడ దాగి ఉంటుందన్న ప్రశ్న పాతది. దానికి జవాబు వెతకడానికే ఒక మనిషి జీవితంలో ఎక్కువ భాగం వెచ్చించాడు. ఆ పని చేసింది ఎక్కడో కాదు, మనకు దగ్గర్లోనే. సంగమేశ్వరం వెళ్లి కృష్ణ ఒడ్డున నిలబడితే ఇవతల గట్టు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని కర్నూలు జిల్లా. అవతలిది నిజాం రాజ్యం. ఆ రాజ్యం రాజధానిలోనే ఈ కథ జరిగింది.

పేరు కూడా లేని రోజులు

ఎడ్వర్డ్ లారీ 1846లో పుట్టాడు. వైద్య చరిత్రలో ఆ సంవత్సరానికి పెద్ద పేరుంది. ఆ ఏడాది అక్టోబరులో అమెరికాలోని బోస్టన్‌లో మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథర్ పీల్పించి, రోగికి నొప్పి తెలియకుండా ఆపరేషన్ జరిగేలా చేశాడు. అంతకుముందు ఆపరేషన్ అంటే నలుగురు బలవంతులు రోగిని అదిమి పట్టుకోవడమే. కొత్త పద్ధతి వచ్చింది గానీ దాన్నేమనాలో ఎవరికీ తెలియలేదు. నవంబరులో ఆలివర్ వెండెల్ హోమ్స్ అనే వైద్యుడు మోర్టన్‌కు ఉత్తరం రాసి అనస్థీషియా అనే పేరు సూచించాడు. గ్రీకులో దానికి స్పర్శజ్ఞానం లేకపోవడం అని అర్థం. హైదరాబాద్‌లో వైద్య పాఠశాల మొదలైందీ ఆ ఏడాదే. లారీ పెద్దయ్యాక అడుగుపెట్టింది ఆ బడిలోకే.

మిగతా మందుల పేర్ల వెనకా ఇలాంటి కథలే ఉన్నాయి. మన పెద్దలు అభిని అనీ, నల్లమందు అనీ పిలిచిన సరుకు నుంచి జర్మన్ ఫార్మసిస్టు సెర్ట్యూర్నర్ ఒక రసాయనాన్ని వేరుచేశాడు. గ్రీకుల కలల దేవుడు మార్ఫియస్ పేరు దానికి పెట్టాడు. అదే మార్ఫిన్. క్లోరోఫాంకు ఆ పేరు పెట్టింది ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త డ్యూమా, 1834లో. పేరులో ముందు సగం క్లోరిన్. రెండో సగం ఫార్మిక్ ఆమ్లం నుంచి వచ్చింది. ఆ ఆమ్లాన్ని మొదట తీసింది చీమల నుంచి. లాటిన్‌లో చీమను ఫార్మికా అంటారు. ప్రపంచాన్ని నిద్రపుచ్చిన మందు పేరులో ఒక చీమ ఉందన్నమాట!

మన తెలుగు మాటకూ మూలం ఉంది. మత్తు, మదం, మద్యం మూడూ ఒకే సంస్కృత ధాతువు నుంచి వచ్చినవే. అందుకే ఆసుపత్రిలో ఇచ్చే మందునూ, కల్లు దుకాణంలో దొరికే సరుకునూ మన నాలుక ఒకే గాటన కట్టేస్తుంది.

గురువు నేర్పిన పాఠం

క్లోరోఫాంను మనుషులకు వాడే మందుగా మార్చింది స్కాట్లాండుకు చెందిన జేమ్స్ యంగ్ సింప్సన్. 1847 నవంబరు 4 రాత్రి ఎడిన్‌బరోలోని తన ఇంట్లో, ఇద్దరు తోటి వైద్యులతో కలిసి దాన్ని పీల్చి చూశాడు. ముగ్గురూ స్పృహ తప్పి పడిపోయారు. కొద్దిరోజుల్లోనే కాన్పు నొప్పులకు దాన్ని వాడటం మొదలుపెట్టాడు. ఈథర్ కంటే త్వరగా పనిచేస్తుంది, వాసన బాగుంటుంది, కొద్దిగా వేస్తే చాలు. ఇంకేం కావాలి?

మూడు నెలలైనా గడవకముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండులోని న్యూకాజిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆపరేషన్ పెద్దదేమీ కాదు, కాలి గోరు తీయడం. అంతకుముందు ఇంకో గోరు ఈథర్ ఇచ్చి తీశారు, అప్పుడేమీ కాలేదు. ఈసారి ఆ పిల్ల బాగా భయపడింది, ఏడ్చింది. క్లోరోఫాం పీల్చిన రెండు మూడు నిమిషాల్లోనే ప్రాణం పోయింది. తెప్పరిల్లుతుందని నోట్లో పోసిన బ్రాందీయే గొంతుకు అడ్డం పడిందని, తప్పు క్లోరోఫాంది కాదని సింప్సన్ వాదించాడు. ఆ పిల్ల భయాన్ని గుర్తుపెట్టుకోండి. కథ చివర్లో మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

ఆ తర్వాత వైద్యులు రెండు వర్గాలయ్యారు. లండన్‌లో జాన్ స్నో క్లోరోఫాం గుండెనే దెబ్బతీయగలదని నమ్మాడు. విక్టోరియా రాణికి 1853లో కాన్పు సమయంలో క్లోరోఫాం ఇచ్చింది ఆయనే. ఆవిరి ఎంత శాతం వెళ్లాలో లెక్కగట్టి ఇవ్వాలని పట్టుబట్టాడు. ఎడిన్‌బరో వాళ్ల దారి వేరు. అక్కడి ప్రముఖ సర్జన్ జేమ్స్ సైమ్ ధారాళంగా క్లోరోఫాం ఇచ్చేవాడు. ఊపిరి సరిగా ఆడుతోందా, నాలుక వెనక్కి జారిందా అన్నదే చూడమనేవాడు. నాడి పట్టుకుని కూర్చోవడం అనవసరమన్నది ఆయన మతం.

ఎడిన్‌బరోలో చదివిన లారీ ఆ సైమ్ దగ్గరే హౌస్ సర్జన్‌గా పనిచేశాడు. కుర్రవయసులో గొప్ప గురువు దగ్గర నేర్చుకున్న పాఠం ఆయన ఒంట్లో భాగమైపోయింది. ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి లాహోరులో సర్జరీ ప్రొఫెసరుగా చేసినా, 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా హైదరాబాద్ వచ్చినా ఆ పాఠం ఆయన వెంటే ఉంది.

హైదరాబాద్‌లో లారీ

వైద్య పాఠశాల ప్రిన్సిపల్ బాధ్యత కూడా లారీకే దక్కింది. అప్పటిదాకా ఉర్దూలో సాగిన బోధనను ఇంగ్లిషులోకి మార్చాడు. ఆడపిల్లలకు కూడా తలుపులు తెరిచాడు. అలా చేరినవాళ్లలో రూపాబాయి ఫర్దూంజీ అనే పార్సీ యువతి ఉంది. 1889లో పట్టా పుచ్చుకుని హైదరాబాద్ ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇవ్వడమే వృత్తిగా చేసుకుంది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా ఆమెను ఇప్పుడు చెప్పుకుంటున్నారు. తర్వాత ఎడిన్‌బరో దాకా వెళ్లి చదువుకుని వచ్చింది. మరే పని చేయకపోయినా, ఈ బడి తలుపు తెరిచినందుకే లారీని తలుచుకోవచ్చు.

మూసీ ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఆపరేషన్లు జోరుగా సాగేవి. ఆ రోజుల్లో క్లోరోఫాం ఇవ్వడమంటే బట్ట మీద చుక్కలు చుక్కలుగా పోసి ముక్కు దగ్గర పట్టడమే. లారీ శిష్యులు రోగి ఛాతీ మీద, పొట్ట మీద కళ్లు పెట్టి ఊపిరినే గమనించేవాళ్లు. వాళ్ల చేతుల్లో వేలమంది క్షేమంగా లేచి కూర్చున్నారు. తన గురువు చెప్పిందే నిజమని లారీకి నమ్మకం మరింత బలపడింది.

నిజాం ఇచ్చిన వెయ్యి పౌండ్లు

ఆ నమ్మకాన్ని రుజువు చేయాలనుకున్నాడు లారీ. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం అండగా నిలిచింది. 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. కుక్కలకు క్లోరోఫాం ఇచ్చి చూశారు. ముందు ఊపిరే ఆగింది, తర్వాతే గుండె ఆగింది. ఇక అనుమానం లేదని లారీ ప్రకటించాడు.

లండన్ నుంచి వెలువడే ప్రసిద్ధ వైద్య పత్రిక ‘లాన్సెట్’ మాత్రం ఒప్పుకోలేదు. యూరప్‌లో గుండె ఆగి చనిపోయిన రోగుల లెక్క దాని దగ్గర ఉంది. మరొకరైతే మాటకు మాట అనుకుని ఊరుకునేవారేమో. లారీ ఊరుకోలేదు. మీరే మీకు నమ్మకమైన శాస్త్రవేత్తను పంపండి, ఆయన ముందే మళ్లీ చేసి చూపిస్తామన్నాడు. అందుకయ్యే ఖర్చుకు నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. ఒక వైద్య ప్రశ్న తేల్చడానికి సొంత డబ్బు పెట్టి, తమ మాటను కాదన్న పత్రిక మనిషినే రప్పించడం అప్పటికే కాదు, ఇప్పటికీ అరుదే!

లాన్సెట్ పంపిన మనిషి థామస్ లాడర్ బ్రంటన్. గుండె మందుల్లో దిట్ట. గుండెపోటు తరహా ఛాతీ నొప్పికి అమైల్ నైట్రైట్ వాడొచ్చని కుర్రవయసులోనే చూపించినవాడు. క్లోరోఫాం గుండెను ఆపగలదనే నమ్మకంతోనే ఆయన 1889లో హైదరాబాద్‌లో దిగాడు. రెండో కమిషన్ పని మొదలైంది. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు వంటివన్నీ కలిపి నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. రక్తపోటు, ఊపిరి ఎలా మారుతున్నాయో యంత్రాలతో గీతలు గీయించారు. ఎన్నిసార్లు చూసినా ముందు ఆగింది ఊపిరే. బ్రంటన్ మనసు మార్చుకున్నాడు. తన పాత అభిప్రాయం తప్పని లండన్‌కు తంతి పంపాడు.

1890లో లాన్సెట్ ఆ నివేదికను అచ్చేసింది. హైదరాబాద్ పేరు ప్రపంచ వైద్య పత్రికల్లో మార్మోగింది. ఆ నివేదిక సారాంశం ఒక్కటే. క్లోరోఫాం ఇచ్చేవాడు ఊపిరి మీదే దృష్టి పెట్టాలి, నాడి చూడటం దృష్టి మరల్చే పని. ఊపిరి తప్పకుండా చూసుకుంటే క్లోరోఫాం ప్రమాదకరం కాదు.

ఆ కుక్కలకు తెలియనిది

తప్పు ఎక్కడ జరిగింది? ప్రయోగాల్లో మోసం లేదు. చూసింది చూసినట్టే రాశారు. కాకపోతే వాళ్లు చూసింది ఒక రకమైన చావునే. క్లోరోఫాం ఆగకుండా ఎక్కువగా ఇస్తూ పోతే మెదడులో ఊపిరిని నడిపే కేంద్రం ముందు మొద్దుబారుతుంది. గుండె ఆ తర్వాత ఆగుతుంది. ఆ మాట నిజమే.

హన్నా గ్రీనర్‌ది ఆ చావు కాదు. మత్తు పూర్తిగా ఎక్కకముందే, మొదటి నిమిషాల్లోనే ఆమె పోయింది. ఐరోపా ఆసుపత్రుల్లో పోయినవాళ్లలో చాలామంది అంతే. చిన్న ఆపరేషన్, కొద్దిపాటి క్లోరోఫాం, విపరీతమైన భయం. ఆ చావులు ఎక్కువ మందు వల్ల వచ్చినవి కావు.

1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు హైదరాబాద్ ఫలితాలను సవాలు చేశారు. క్లోరోఫాం నేరుగా గుండె బలాన్నే తగ్గిస్తుందని వాళ్ల ప్రయోగాల్లో తేలింది. లారీ దిగిరాలేదు. దేశాలవతల నుంచి వచ్చే మరణ వార్తలన్నింటికీ ఆయన దగ్గర ఒకటే జవాబు. ఇచ్చినవాడు ఊపిరిని సరిగా చూసుకోలేదు. ఒక సిద్ధాంతానికి ఎదురొచ్చిన ప్రతి సాక్ష్యాన్నీ ఇలా ఎదుటివాడి పొరపాటుగా తీసేస్తే ఇక ఆ సిద్ధాంతం ఎప్పటికీ ఓడిపోదు. రోగులు మాత్రం ఓడిపోతూనే ఉంటారు.

మలేరియా విషయంలోనూ ఆయన తీరు ఇంతే. ఆ జ్వరానికి రక్తంలోని పరాన్నజీవి కారణమన్న మాటను గట్టిగా కొట్టిపారేశాడు. ఆయన ఉన్న చోటికి కూతవేటు దూరంలో, సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ పరాన్నజీవిని కనిపెట్టాడు.

1901లో లారీ క్లోరోఫాం మీద తన పుస్తకం తెచ్చాడు. అదే ఏడాది హైదరాబాద్ విడిచి వెళ్లాడు. ఆయన పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని 1908 మూసీ వరద దెబ్బతీసింది. దాని స్థానంలో వచ్చిందే నేటి ఉస్మానియా ఆసుపత్రి.

చివరికి 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు చిక్కుముడి విప్పాడు. కొద్దిపాటి క్లోరోఫాం గుండెను అతి సున్నితంగా మార్చేస్తుంది. ఆ సమయంలో భయం వల్లనో, నొప్పి వల్లనో ఒంట్లో అడ్రినలిన్ ఒక్కసారిగా పెరిగితే గుండె కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెడుతుంది. వణికే గుండె రక్తాన్ని తోయలేదు. క్షణాల్లో మనిషి కుప్పకూలతాడు. గోరు తీయించుకోవడానికి కూర్చుని ఏడ్చిన పదిహేనేళ్ల పిల్ల చావుకు 63 ఏళ్ల తర్వాత దొరికిన వివరణ ఇది. అప్పటికి లారీ బతికే ఉన్నాడు. 1915లో కన్నుమూశాడు.

రెండు సగాలూ కలిస్తేనే

లారీని ఓడిపోయిన మనిషిగా చూడటం అన్యాయం. మత్తులో ఉన్న రోగి ఊపిరిని కంటికి రెప్పలా చూసుకోవాలన్న ఆయన పట్టుదల ఈరోజుకీ మత్తు వైద్యానికి పునాదే. నాలుక వెనక్కి జారకుండా గడ్డం ఎత్తి పట్టడం ప్రతి విద్యార్థీ మొదట నేర్చుకునే పని. ఆయన తప్పల్లా ఊపిరి చాలు, గుండె వద్దనడమే.

ఇప్పుడు ఆపరేషన్ గదిలోకి వెళ్తే ఆ పాత తగాదా తీరిపోయి కనిపిస్తుంది. వేలికి తగిలించే చిన్న క్లిప్పు రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది. ఛాతీకి అంటించిన వైర్లు గుండె లయను తెర మీద గీస్తాయి. చేతి పట్టీ రక్తపోటు కొలుస్తుంది. వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను మరో యంత్రం లెక్కిస్తుంది. సైమ్ చెప్పిన ఊపిరి, స్నో చెప్పిన గుండె ఒకే తెర మీద పక్కపక్కన కదులుతుంటాయి. గుండెకు, కాలేయానికి చేటు చేసే క్లోరోఫాం ఎప్పుడో మూలపడింది. భయపడే రోగికి అవసరమైతే ముందే నెమ్మదించే మందు ఇస్తారు.

ఇన్ని యంత్రాలున్నా ఒక్కటి మాత్రం ఏ తెర మీదా కనిపించదు. రోగి రోజూ ఏం తాగుతున్నాడు, ఏం మింగుతున్నాడు? అది రోగి నోటితోనే తెలియాలి. తెలుగునాట చాలాచోట్ల పట్టుబడిన కల్తీ కల్లులో ఏం కలుపుతారో తెలుసా? క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, ఆల్ప్రజోలాం. మొదటిది క్లోరోఫాంకు దగ్గరి చుట్టం. 1869లో దాన్ని నిద్రమందుగా తెచ్చిన జర్మన్ వైద్యుడు లీబ్రైష్, ఒంట్లోకి వెళ్లాక అది క్లోరోఫాంగా మారుతుందనే ఆశతోనే వాడి చూశాడు. మిగతా రెండూ మెదడును మందగింపజేసే మాత్రలు. అలాంటి కల్లు రోజూ తాగే మనిషికి మామూలు మోతాదు మత్తుమందు చాలకపోవచ్చు. ఆసుపత్రిలో నాలుగు రోజులు కల్లు ఆగిపోతే ఒళ్లు వణకడం, పొంతన లేని మాటలు, ఫిట్స్ రావొచ్చు. ఆపరేషన్ వికటించిందని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. అసలు కారణం ఎవరూ చెప్పని కల్లు.

లారీ తనకు నచ్చిన సాక్ష్యాన్నే చూశాడు. మనం డాక్టరుకు నచ్చే జవాబే చెబితే మనదీ అదే పొరపాటు.

మత్తు డాక్టరుకు ఇవన్నీ చెప్పండి

* మత్తు అలవాటుందా అన్న ప్రశ్నకు ఉంది, లేదు అని సరిపెట్టొద్దు. కల్లు, సారా, బీరు, గంజాయి, గుట్కా, బీడీ... దేన్ని, రోజుకు ఎంత, చివరిసారి ఎప్పుడు అన్నది విడివిడిగా చెప్పండి. పక్కన చుట్టాలుంటే మొహమాటంగా ఉంటుంది. డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడగొచ్చు.

* రోజూ తాగే అలవాటుంటే ఆపరేషన్ కోసమని సొంతంగా ఒక్కసారిగా మానేయొద్దు. ముందే చెబితే ఎలా తగ్గించాలో డాక్టరు చూసుకుంటారు.

* నొప్పి బిళ్లలు, నిద్ర మాత్రలు, నరాల మాత్రలు, బీపీ, షుగరు, ఆస్తమా మందులు, రక్తం పలచబరిచే మాత్రలు, నాటు మందులు... అన్నీ చెప్పండి. పేరు గుర్తులేకపోతే ఖాళీ అట్టలు ఓ సంచిలో వేసి తీసుకెళ్లండి.

* ఏ మత్తు ఇస్తున్నారో అడిగి తెలుసుకోండి. పూర్తిగా స్పృహ లేకుండా చేసేది జనరల్. నడుం కింది భాగం మొద్దుబారేలా వెన్నులో ఇచ్చేది స్పైనల్. కోసే చోట మాత్రమే ఇచ్చేది లోకల్. స్పైనల్, లోకల్ ఇచ్చినప్పుడు మెలకువగా ఉండటం, ఎవరో తాకుతున్నట్టు తెలియడం మామూలే. నొప్పి తెలిస్తే మాత్రం వెంటనే చెప్పాలి.

* మీకు గానీ, రక్తసంబంధీకులకు గానీ గతంలో మత్తు ఇచ్చినప్పుడు ఇబ్బంది వచ్చి ఉంటే దాచొద్దు. కదిలే పళ్లు, కట్టుడు పళ్లు ఉన్నాయని కూడా చెప్పాలి.

* కడుపు ఖాళీగా ఉండటం శిక్ష కాదు. మత్తులో ఉన్నప్పుడు తిన్నది వెనక్కి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. మామూలుగా తేలికపాటి భోజనం 6 గంటల ముందు, కడుపునిండా తిన్నదైతే 8 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపమంటారు. మీ డాక్టరు చెప్పిన సమయమే పాటించండి. బలం కోసమని చాటుగా ఇడ్లీ పెట్టే ప్రేమ వద్దు.

* భయంగా ఉంటే భయంగా ఉందని చెప్పండి. అది పిరికితనం కాదు, డాక్టరుకు తెలియాల్సిన వివరం.